ఏ పరీక్ష రాయను మేడమ్?

ఎండాకాలం మధ్యాహ్నాల్లో మా ఆఫీసు కిటికీ తీస్తే నల్లపాడు మిరప గోడౌన్ల వైపు నుంచి ఘాటు మెల్లగా లోపలికి వస్తుంది. ముక్కు చురుక్కుమంటుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి. ఆ మసక చూపులో గదీ గోడలూ కరిగిపోయి, నీలం చున్నీ తలమీదుగా కప్పుకుని, భుజాన కేబుల్ చుట్టతో రజియా మేడమ్ నడిచొస్తున్నట్టుంటుంది. కోల్డ్ స్టోరేజీలకు, ఫ్యాక్టరీలకు నెట్‌వర్కులు పెట్టే మా చిన్న కంపెనీలో ఆవిడ నా పై అధికారి. నాకు పని నేర్పిన మనిషి.

నెట్‌వర్క్ పనిలో ఆవిడ రాయని పరీక్ష లేదు. అయినా ఓసారి మిరపకాయల గోడౌన్‌లో నెట్‌వర్క్ స్విచ్ మొరాయిస్తే, మూత తీసి, అలవాటు కొద్దీ ఉఫ్‌మని దుమ్ము ఊదేశారు. ఇంకేముంది! కారం గుప్పున లేచింది. హమాలీలు, గుమస్తా, నేను తుమ్ముకుంటూ బయటికి పరుగో పరుగు. మేడమ్ కొళాయి కింద మొహం పెట్టి, "ఈ చాప్టర్ ఏ పుస్తకంలోనూ లేదే అమ్మాయ్!" అన్నారు.

అందరితోపాటు నవ్వాను గానీ లోపల గుబులుగానే ఉంది. మిరప సీజన్ ముగిసేలోగా ఏదో ఒక సర్టిఫికెట్ తేకపోతే ఉద్యోగం ఉండదని మా మేనేజరు మొహం మీదే చెప్పేశాడు. కోచింగ్ సెంటర్లవాళ్లు ఒకరు క్లౌడ్ అన్నారు, ఒకరు సెక్యూరిటీ అన్నారు, తలా ఒకటి చెప్పి నా బుర్ర తినేశారు.

ఆ సాయంత్రం టీ తాగుతూ మేడమ్‌నే అడిగాను. ఎదురుగా ఆరబోసిన కాయలతో నేలంతా ఎర్రగా ఉంది. ఆకాశం కూడా ఆ రంగే పులుముకుంది.

"మిరపకాయలు కొనేటప్పుడు కారం కావాలా, రంగు కావాలా అని ముందు తేల్చుకుంటావుగా? ఇదీ అంతే. నెట్‌వర్క్ ప్లస్ పరీక్షకు చదివితే ఏ కంపెనీ సామాను చూసినా సంగతి అర్థమవుతుంది. సీసీఎన్‌ఏ పరీక్ష అయితే రౌటర్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తుంది. క్లౌడ్, సెక్యూరిటీ తర్వాత చూద్దువుగాని, పునాది లేకుండా మేడ మీద గది ఎందుకే? ముందు నీకేం పని కావాలో చెప్పు."

"మీరు చేసే పనే మేడమ్."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టారు. "అయితే సీసీఎన్‌ఏ రాయి," అన్నారు.

మా కంపెనీ ఏడాదికి ఒక్కరికే పరీక్ష ఫీజు కట్టేది. ఆ ఏడాది వంతు మేడమ్‌ది. ఆవిడ పెద్ద సర్టిఫికెట్‌కు గడువు తీరిపోతోంది, మళ్లీ రాస్తేనే నిలుస్తుంది. ఆ వంతు నాకిచ్చేశారు. వద్దంటే కసిరారు. "నాకు అది లేకపోయినా పని ఆగదు. నీకు లేకపోతే గేటు కూడా దాటనివ్వరు. నోరు మూసుకుని చదువుకో!"

పాసయ్యాను, ఉద్యోగం నిలిచింది. మార్టూరులో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో పని పూర్తయ్యాక వాళ్ల మేనేజరు వచ్చి, "సర్టిఫికెట్ ఉన్న ఇంజనీరు ఎవరండీ? సంతకం కావాలి," అన్నాడు. ఆవిడ సర్టిఫికెట్ గడువు దాటిపోయిన సంగతి మరిచి, అలవాటుగా మేడమ్ వైపు చూశాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి, "ఈ అమ్మాయేనండీ," అన్నారు. ఆ గొంతులో ఎక్కడైనా బాధ ఉందేమోనని వెతికాను. లేదు. ఏడుపు నాకే వచ్చింది.

మేడమ్ ఇప్పుడు లేరు. ఎక్కడికెళ్లినా "ఇంజనీరు ఎవరండీ?" అని అడిగితే నేను ముందు పక్కకు తిరిగి చూస్తాను. అక్కడ ఎవరూ ఉండరు. అప్పుడు చెబుతాను, "నేనేనండీ" అని.