లింగయ్య సారు తూచిన బూడిద

నిన్న మిర్యాలగూడ స్టేషన్‌లో బొగ్గు గూడ్సు ఒకటి పోయింది. దాని చివరి పెట్టె కనబడేలోగా నా గడ్డం ఒక అంగుళం పెరిగి ఉంటుంది. చాయ్ మీద పడిన నల్లటి దుమ్మును ఊదుకుంటుంటే లింగయ్య సారు గుర్తొచ్చారు.

తొంభైలలో మా వైపు బొగ్గుతో కరెంటు కేంద్రం కడతామని ఒక కంపెనీ వచ్చింది. ఎరువుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు. నేను టైపిస్టును, లింగయ్య సారు ఇన్‌చార్జి. అంతకుముందు ఇరవై ఏళ్లు రైస్‌మిల్లు బాయిలర్ నడిపిన మనిషి. ఆయన తుమ్మితే కోదాడలో బల్బులు ఆరిపోయేవని చెప్పుకునేవారు, చెప్పింది నేనే. ఇటుక కూడా పడకముందే, బ్యాంకు అప్పు కోసం నేను టైపు చేసిన కాగితాలతో హుజూర్‌నగర్ దాకా రోడ్డు వేయొచ్చు.

బ్యాంకువాళ్లు సంతకాలకు వస్తారనగా ముందురోజు నమూనా బొగ్గు బస్తా దిగింది. బూడిద తక్కువని కంపెనీ రిపోర్టు. కొత్త వడ్లు కొనేముందు కొన్ని ఆడించి బియ్యం తూచడం మిల్లు అలవాటు. సారు బొగ్గునూ అలాగే చూశారు. పాత మిల్లులో, శుభ్రంగా తుడిచిన ఇనుప పొయ్యిలో పది కిలోలు కాల్చి, చల్లారాక బూడిద తూచారు. నాలుగున్నర కిలోలు.

"కాటా తప్పేమో సారూ," అన్నాను. వచ్చే నెల నా పెళ్లి. పిల్లనిచ్చే మామ నన్ను చూసి కాదు, కరెంటు కేంద్రాన్ని చూసి ఒప్పుకున్నాడు.

"కాటా మంచిగనే ఉంది. నీ పెండ్లి తొందర దాని మీద వెయ్యకు."

"రిపోర్టుల తక్కువని రాసిన్రు గద."

"రిపోర్టును కాలిస్తే తక్కువనే వస్తది. ఇంత బూడిద యాడ పోస్తరు? తవ్వే గుంట జల్దీ నిండుతది, ఇగ పొలాలల్ల పడుతది."

మర్నాడు బ్యాంకువాళ్ల ముందు బిస్కెట్ల పక్కనే బూడిద గిన్నె పెట్టి, పది కిలోల బొగ్గుకు ఇంత వచ్చిందని చెప్పారు. బ్యాంకు అధికారి గిన్నెను దగ్గరికి లాక్కుని, "మీ ఉద్యోగం పోతుందేమో కదండీ," అన్నాడు.

"పోతది సారూ. మిల్లు ఉన్నది గద."

పెన్నులు జేబుల్లోకి వెళ్లాయి. అప్పు ఆగింది, నెల తిరగకుండా ఆఫీసు మూతపడింది. సారు బస్సెక్కి కోదాడ వెళ్లి మా మామకు స్వయంగా చెప్పారు: "పిల్లగాని కొలువు నేనే పోగొట్టిన. వద్దనుకుంటే ఇప్పుడే చెప్పుండ్రి."

"చెప్పటానికి ఇంత దూరం వచ్చారు, ముందు భోజనం చేయండి," అన్నాడు మామ. పెళ్లి అనుకున్న రోజే జరిగింది.

నేను ప్రతిదాన్నీ పెంచి చెబుతానని మా ఊరందరికీ తెలుసు. ఆ నాలుగున్నర కిలోలను మాత్రం ఇన్నేళ్లలో చిటికెడు కూడా పెంచలేదు.