దవాఖాన లైను

లక్సెట్టిపేట దాటి గోదావరి వైపు వస్తే మా ఊరు. మా ఊళ్లో టెలిఫోన్ల ఆఫీసంటే మైసయ్యే. సార్లు వచ్చేవాళ్లు, రెండు మూడేళ్లు ఉండి బదిలీ చేయించుకుని పోయేవాళ్లు. మైసయ్య ఎక్కడికి పోతాడు? స్తంభాలకు గుంతలు తవ్వే కాలంలో, మీసం కూడా సరిగ్గా రాకముందు కూలికి చేరాడు. జుట్టు నెరిసినా కూలీయే. ఆఫీసు ఊడ్చేది ఆయనే, నీళ్లు మోసేది ఆయనే, గాలివానకు తెగిన తీగ వెతుక్కుంటూ మెడలోతు వాగులో దిగేదీ ఆయనే.

పర్మినెంట్ కావాలన్నదొక్కటే ఆయన కోరిక. ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఎవరి మనవి వాళ్లు చెప్పుకోండి అంటే, మైసయ్య పెదవులు దేనికి కదులుతున్నాయో మా అందరికీ తెలుసు. పెళ్లాం దెబోరా మోచేత్తో పొడిచేది.

"ఒక్కటే మాట ఇని ఇని దేవునికి గూడ యాష్టకొస్తదయ్యా. జర ఏరేదడుగు."

తొంభై నాలుగులో ఫోన్లు కలిపే పాత బోర్డు తీసేసి కొత్త మిషను పెట్టారు. మనిషెత్తు ఇనుప చట్రం, అందులో అరలు అరలుగా పలకలు. అన్నిటికన్నా కింద ఒకే తీరు పెట్టెలు రెండు. మిషనుకు కరెంటు అందించేవి అవే. నిజానికి ఒకటి చాలు. ఒకటి ఆగితే రెండోది నడిపిస్తుందని రెండు పెట్టారు. అందుకే ఒకదానికి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి తీగ లాగారు, రెండోదానికి దవాఖాన ట్రాన్స్‌ఫార్మర్ నుంచి లాగారు. దవాఖాన లైను సంగతి మా ఊళ్లో ఎవరినడిగినా చెప్తారు, ఊరంతా చీకటైనా అది పోదు. బ్యాటరీలు కూడా ఉండేవి గానీ ఏడాదికే చచ్చాయి. కొత్తవి వస్తున్నాయి, వస్తున్నాయి అనేవాళ్లు. వస్తూనే ఉన్నాయి.

పెట్టెల మీద చెరో పచ్చ లైటు. మైసయ్య పొద్దున్నే వాటి దుమ్ము తుడిచి, "రెండు కండ్లు సల్లగున్నయి" అనుకుని చీపురు పట్టేవాడు.

ఆఫీసు గోడను ఆనుకునే బాలకిషన్‌రావు దొర గడి, కోటలాంటి ఇల్లు. మా ఆఫీసు ఇంజనీరు మధుసూదన్‌రావు కాపురం ఆ గడి మేడ మీదే. దొరసాని లీలాబాయి పంపిన మామిడికాయ తొక్కు లేనిదే ఆయనకు ముద్ద దిగదని పనివాళ్లు నవ్వుకునేవాళ్లు. బ్యాటరీలు చచ్చిన మరుసటి ఎండాకాలం దొర బిడ్డ అనసూర్య లగ్గం పెట్టుకున్నారు. మగపెళ్లివారు కరీంనగర్ వాళ్లు, ఎండకు ఆగలేరని కూలర్లు తెప్పించారు. మరి కరెంటు? లగ్గానికి ముందురోజు దొర గోడ మీదుగా తొంగిచూశాడు.

"ఏం మధూ, మీ తాన దవాఖాన లైను ఊకెనే పడున్నదట గద. ఒక్క దినం మాకియ్యరాదు?"

"గదెంత పని మామా!" అని ఇంజనీరు వెనక్కి తిరిగాడు. "మైసయ్యా, గా రెండో పెట్టె ప్లగ్గు తీసి మొదటి దాని బోర్డుకే పెట్టు. దవాఖాన తీగ మామోళ్ల దిక్కు ఇడువు."

"లైటు ఆరదా సార్?"

"పెట్టి సూడు, నీకే తెలుస్తది."

పెట్టి చూశాడు. రెండు పచ్చ లైట్లూ ఎప్పటిలాగే వెలిగాయి. మైసయ్య గుండె కుదుటపడింది. వెలుగుతున్నాయంటే పనిచేస్తున్నట్టే కదా అనుకున్నాడు. గోడెక్కి తీగ అవతలికి అందించింది కూడా ఆయనే.

లగ్గం రోజు పొద్దున్నే ఆదిలాబాద్ నుంచి పెద్దసారు ఫోన్. ఒక పర్మినెంట్ కొలువు ఉంది, మధ్యాహ్నం మళ్లీ చేస్తాను, మైసయ్యతో మాట్లాడి పేరు ఖాయం చేస్తాను, దొరకకపోతే వేరే ఊరి మనిషికి పోతుంది అన్నాడు. మైసయ్య ఉతికిన అంగీ తొడుక్కుని ఫోను పక్కన కూర్చున్నాడు. చర్చిలో కూడా అంత బుద్ధిగా కూర్చోలేదు పాపం.

ఎండ నడినెత్తికి వస్తుండగా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ ధన్‌మని పేలింది. రెండు పచ్చ లైట్లూ ఒక్కసారే ఆరాయి. ఫోనెత్తితే ఉలుకు లేదు, పలుకు లేదు. గోడ అవతల కూలర్లు మాత్రం జోరుగా తిరుగుతున్నాయి.

మైసయ్య గడికి ఉరికాడు. ఇంజనీరు పెళ్లికొడుకు తండ్రికి షర్బత్ అందిస్తున్నాడు.

"సార్, రెండూ ఆరినయి. గా తీగ జర తిరిగి పెట్టుకుంట."

ఇంజనీరు దొర మొహం చూశాడు.

"ఏందిరా మైసిగా, లగ్గం నడుస్తుంటే తీగంటవు?" అన్నాడు దొర.

"పెద్దసారు ఫోన్ జేస్తడు దొరా. నా నౌకరి..."

"నీ నౌకరి యాడికి పోతదిరా? నేను జెప్త. ముందుగాల బువ్వ తిను."

లీలాబాయి తానే విస్తరి తెచ్చి చేతిలో పెట్టింది. "కూసో మైసయ్యా. మా అనసూర్యను భుజాల మీద ఎక్కించుకొని తిప్పినోనివి. నువ్వు తినకుంట పోతే పిల్లకు మంచిగైతదా?"

ఇదీ మా దిక్కు రివాజు. లగ్గమింటి విస్తరి కాదంటే శాపం పెట్టినట్టే. కొట్టం వెనక పనివాళ్ల బంతిలో కూర్చున్నాడు మైసయ్య. విస్తట్లో లడ్డూ పడింది. అన్నం గంప మాత్రం మగపెళ్లివారి వైపు పోయి ఎంతకీ తిరిగి రాదు. విస్తరి ముందు నుంచి లేవరాదు. కూలర్ల మోత వింటూ లడ్డూను చూస్తూ కూర్చున్నాడు.

మగపెళ్లివారు తిని నడుం వాల్చాక గానీ అన్నం గంప రాలేదు, తీగ వదల్లేదు. మళ్లీ పెట్టగానే రెండో పెట్టె లైటు వెలిగింది, ఫోను మోగింది. మైసయ్య ఉరికి ఎత్తాడు. దొర చుట్టాలెవరో, లగ్గం బస్సు బయల్దేరిందా అని అడుగుతున్నారు.

మైసయ్య కాళ్లావేళ్లా పడితే చివరికి ఇంజనీరే ఆదిలాబాద్‌కు ఫోన్ చేశాడు. కొలువు అప్పటికే పోయింది. రెండు పెట్టెలుండగా ఒక్కసారే ఎలా ఆగాయని పెద్దసారు నిలదీశాడు. మైసయ్య ఎదురుగా నిలబడి ఉండగానే ఇంజనీరు జవాబిచ్చాడు.

"డెయిలీ లేబర్ సార్. తెలివి లేక రెండు ప్లగ్గులు ఒక్క బోర్డుకే పెట్టిండు."

ఫోను పెట్టేసి ఇంజనీరు అన్నాడు: "ఏం జెయ్యాలె మైసయ్యా, నాకు పిల్లలున్నరు."

మైసయ్యకు లేనట్టు!

రేపటి నుంచి రావద్దన్నారు. పోయే ముందు నేల తుడిచాడు, లైట్ల దుమ్ము తుడిచాడు. ఇంట్లో దెబోరా అప్పటికే అంతా విని గడపలో కూర్చుంది.

"తిన్నవా?"

"దొరింట్ల తిన్న."

"నౌకరి తినొచ్చినవు గద. ఉప్పు సరిపోయిందా?"

మైసయ్య ఉతికిన అంగీ విప్పి మేకుకు తగిలించాడు.

దొర చెప్తానన్న మాట ఎవరికి చెప్పాడో ఏమో. ఇప్పుడు మా చర్చిలో ఏ లగ్గమైనా వడ్డించేది మైసయ్యే. నువ్వూ కూర్చోవయ్యా అంటే వినిపించుకోడు. విస్తర్లన్నీ ఎత్తేసి, ఇంటికి పోయి దెబోరా పోసిన జొన్న గట్క తింటాడు. అందులో ఉప్పు ఎక్కువైనా తక్కువైనా ఒక్క మాట అనడు.