ముగ్గురు కాపలాదారులు, ఒక దొంగ కాపీ

కర్మన్‌ఘాట్‌లో మా ఇంటి కంప్యూటర్ తెర మీద, కుడివైపు కింద, గడియారం పక్కన మూడు చిన్న బొమ్మలుండేవి. మూడూ వైరస్‌ల నుంచి కాపాడేవే. ఒకటి కొన్నప్పుడు షాపువాళ్లు వేసింది, రెండోది మావారు వేసింది. మూడోది నా ఘనకార్యం. తలుపుకు గొళ్లెం, తాళం, అడ్డగడియ అన్నీ వేసుకుని పడుకునే ఇంట్లో పుట్టినదాన్ని, అంతకంటే తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ కంప్యూటర్‌లోనే నా ప్రాణమంతా ఉండేది. టీచర్ ఉద్యోగాల పరీక్షకు చదివేవాళ్ల కోసం ఆరు నెలలుగా తెలుగు వ్యాకరణ పాఠాలు రాస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ డైరెక్టర్‌గారు, "సోమవారానికి మొత్తం టైపు చేసి తీసుకురండి, బాగుంటే క్లాసు మీకే" అన్నారు. పెళ్లయిన పదకొండేళ్లకు నన్ను పాఠం చెప్పమన్న మొదటి మనిషి ఆయనే. ఆ క్లాసు పోతే మళ్లీ ఎవరూ పిలవరని నాకు గట్టి నమ్మకం.

శనివారం పొద్దున సమాసాల దగ్గరున్నాను. ద్వంద్వానికి ఉదాహరణగా 'అన్నదమ్ములు' అని కొడుతుంటే, అన్న తెలుగులోనే పడ్డాడు, తమ్ముడు మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలైపోయాడు. తర్వాత మౌస్ కదలడం కూడా మానేసింది.

"మీరు వేసిందే ఏదో చేసింది" అని మావారి మీద విరుచుకుపడ్డాను.

"నువ్వూ ఒకటి వేశావుగా, దాన్నీ అడుగు" అని ఆయన పేపరు మడిచి బాల్కనీలోకి వెళ్లిపోయారు.

కోపం ఒకపక్క, అసలు లోపలేం జరుగుతోందన్న కుతూహలం ఇంకోపక్క. కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, చేతులు కట్టుకుని చూస్తూ కూర్చున్నాను. ఒక బొమ్మ, ముప్పును పట్టుకున్నానంది. నిమిషం గడవకముందే రెండోది అదే ముప్పును తానూ పట్టుకున్నానంది. మూడోది ఆ రెండిటినీ అనుమానించింది. మళ్లీ మొదటిది మొదలుపెట్టింది. పట్టుకున్నదాన్నే మళ్లీ ఎలా పట్టుకుంటారో నాకు బోధపడలేదు. సోమవారం గుర్తొచ్చినా, అక్కణ్ణుంచి లేవబుద్ధి కాలేదు.

మా వీధి చివర కంప్యూటర్లు బాగుచేసే ఆయనకు ఫోన్ చేశాను. నల్లగొండ వైపు మనిషి. నా కంప్యూటర్‌లో తెలుగు టైపింగ్ వేసిందీ ఆయనే. వచ్చి తెర చూసి నవ్వాడు.

"ఏంది మేడం, గిన్ని ఎందుకు వెట్టిండ్రు? ఒకటి దొంగను వట్టి లోపలేస్తున్నది. ఇంకోటి ఆడికే పోయి, గీడ దొంగ ఉన్నడని మల్ల వడుతున్నది. మూడోదానికి గీ ఇద్దరి మీదనే డౌటు. ఇగ మిషన్ ఎట్ల నడుస్తది?"

"ఇంతకీ ఆ దొంగ ఎవరండీ?"

"మీ తెలుగు టైపింగే."

డబ్బు కట్టకుండానే దాని తాళం తీసే చిన్న ఫైలొకటి అందులో ఉంటుందట. మూడూ పట్టుకున్నది దాన్నేనట.

"అంటే మీరు వేసింది దొంగ కాపీయా?" అన్నాను.

"గంత పెద్ద మాటెందుకు మేడం. అందరు వాడేదే."

రెండింటిని తీసేసి, ఒకటే ఉంచాడు. పట్టి లోపలేసిన ఆ ఫైలును బయటికి తీయబోతే ఆ మిగిలినది, 'ఈ ఫైలును మీరు నమ్ముతున్నారా?' అని అడిగింది. ఆయన మౌస్ నా వైపు జరిపి, "కంప్యూటర్ మీది, మీరే నొక్కుండ్రి" అన్నాడు. పక్కపిల్ల హోంవర్క్ చూసి రాసిందని ముందురోజే మా అమ్మాయిని చీవాట్లు పెట్టాను. క్లాసు మాత్రం నాకు కావాలి. నమ్ముతున్నాననే నొక్కాను.

ఆదివారానికి పాఠాలు పూర్తయ్యాయి, తిరగేసి చూసుకునే తీరిక మాత్రం దొరకలేదు. క్లాసు వచ్చింది. మొదటిరోజు క్లాసయ్యాక మిగిలిన చాక్‌పీసు ముక్కను పర్సులో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాను, అంత సంతోషం.

మూడు నెలల తర్వాత, మూసారాంబాగ్‌లో మెట్రో దిగి ఒక జిరాక్స్ షాపుకు వెళితే, కౌంటర్ మీద దొంతరగా, పుస్తకాలుగా కుట్టి, క్లాసులో నేనిచ్చిన పాఠాలే ఉన్నాయి. నా పేరున్న మొదటి పేజీ లేదు. ఒళ్లు మండిపోయింది.

"ఇవి నేను రాసినవి. దొంగ కాపీలు అమ్ముతారా?" అన్నాను.

అతను మిషన్ మీంచి తలెత్తలేదు. "గంత పెద్ద మాటెందుకు మేడం. అందరు తీస్కపోయేదే."

ఇవి మీవని రుజువేంటంటాడేమోనని సమాసాల పేజీ తీశాను. రుజువు అక్కడే ఉంది. అన్న తెలుగులో ఉన్నాడు, తమ్ముడు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాడు. ఆ శనివారం పడ్డవి చెరపడం మర్చిపోయాను. వేలు దాని మీదే పెట్టాను గానీ, అతనికి చూపిస్తే తమ్ముడు అలా ఎందుకయ్యాడో కూడా చెప్పాలి. సిగ్గేసింది. పుస్తకం ఎక్కడిదక్కడ పెట్టేసి క్లాసుకు వెళ్లిపోయాను.