గుర్గావ్‌లో బలానికి సూది

మా అక్క సరళకు ఊపిరితిత్తుల కేన్సరు. విజయవాడలో ఇస్తున్న ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రక్షణ కణాలనే కేన్సరు మీదికి ఉసిగొల్పే మందు, కొంతకాలం బాగానే పనిచేసి, ఆ తర్వాత మొరాయించింది. ఢిల్లీలో ఒక ఆసుపత్రివాళ్ళు కొత్త మందు ప్రయోగానికి రోగుల్ని తీసుకుంటున్నారనీ, ఒక్క చోటే మిగిలిందనీ డాక్టరు చెప్పడంతో ఆ రాత్రే రైలెక్కాం.

న్యూఢిల్లీలో దిగి, ఆటోవాడితో బేరమాడి, ఆర్.కె. పురంలోని బాబాయి గారి క్వార్టర్సు చేరేసరికి ఉదయం ఎనిమిదిన్నర. బాబాయి కేంద్ర సర్కారులో పెద్ద అధికారి. పిన్ని పెట్టిన ఉప్మా తింటున్నంతసేపూ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.

"రేపటికి అపాయింట్‌మెంటు ఉంది కదా బాబాయ్" అన్నాను.

"అచ్ఛా, ఉంటే ఉండనీ. ఇది ఢిల్లీ అమ్మా, రెఫరెన్స్ లేకుండా ఏ పనీ కాదు. రేపు మనిషి ఇలా నీరసంగా కనబడితే తీసుకుంటారా? మా బ్యాచ్‌మేట్ బావమరిదికి గుర్గావ్‌లో క్లినిక్ ఉంది. ఇమ్యూనిటీకి స్పెషలిస్టు."

ఊరి నుంచి వచ్చినవాళ్ళను వెళ్ళాల్సిన చోటికి తిన్నగా వెళ్ళనిస్తే ఇలాంటి పెద్దమనుషుల పరపతికి చిన్నతనం. గంటన్నర ట్రాఫిక్‌లో ఈడ్చి మమ్మల్ని గుర్గావ్ తీసుకెళ్ళాడు. క్లినిక్కు గోడల నిండా పరుగులు తీసే ముసలివాళ్ళ ఫొటోలు. ఆ స్పెషలిస్టు అక్క రిపోర్టులు తెరవనే లేదు. బాబాయి హోదా మాత్రం వివరంగా కనుక్కున్నాడు. టీ తెప్పించి, "ఒంట్లో సైన్యం నీరసపడింది, బలానికి ఇస్తున్నా" అంటూ సూది పొడిచాడు. మందు పేరడిగితే ఇమ్యూనిటీ బూస్టరట! అక్క సీసాను ఫోనులో ఫొటో తీసుకుంది.

ఆ సాయంత్రం అక్క ఆకలంటూ రెండు పుల్కాలు ఎక్కువే తింది. బాబాయి తానే కేన్సరు నయం చేసినంత సంబరపడ్డాడు. నిజం చెప్పాలంటే నేనూ మురిసిపోయాను.

మర్నాడు తొమ్మిదింటికి మెట్రో ఎక్కాం. ఆడవాళ్ళ పెట్టెలో ఒక పంజాబీ ఆంటీ లేచి అక్కకు సీటిచ్చి, "గిలోయ్ పియో దీదీ, ఇమ్యూనిటీ బఢేగీ" అంది. తిప్పతీగ రసం తాగితే ఇమ్యూనిటీ పెరుగుతుందట. ఈ మహానగరంలో సీటుతోపాటు వైద్యం కూడా ఉచితమే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది. హిందీ, ఇంగ్లీషు కలిపి ఆవిడ చెప్పింది ఇదీ:

"మీ రక్షణ కణాలకు బలం లేక కాదు. వాటిని అణిచిపెట్టే కణాలు వేరే ఉంటాయి. మామూలుగా అవి మంచివే, రక్షణ కణాలు మన ఒంటి మీదే తిరగబడకుండా ఆపుతాయి. కేన్సరు వాటిని తన చుట్టూ కాపలా పెట్టుకుంది. ఆ కాపలాను తప్పిస్తే మీ పాత మందు మళ్ళీ పనిచేస్తుందేమోనని చూస్తున్నాం. ఈమధ్య వేరే మందులేమైనా వాడారా?"

అక్క ఫొటో చూపించి, నిన్న ఈ సూది వేశారనీ, అప్పటి నుంచి ఆకలీ ఓపికా పెరిగాయనీ చెప్పింది. డాక్టరమ్మ ఫొటోను పెద్దది చేసి సీసా మీది పేరు చదివింది.

"ఇది స్టెరాయిడ్. ఆ ఆకలీ, ఓపికా దీనివల్లే. రక్షణ కణాలను ఇది కూడా అణిచేస్తుంది. రెండు వారాలు ఆగితే గానీ మిమ్మల్ని తీసుకోలేం. ఈలోగా అర్హులు ఇంకెవరైనా వస్తే చోటు వాళ్ళదే."

ఫోనులో చెబితే బాబాయి ఏమాత్రం తొణకలేదు. "ఠీక్ హై, డైరెక్టరుకు చెప్పిస్తా" అన్నాడు.

"మీరు ఒక్క రోజు ఊరికే కూర్చుని ఉంటే చాలేది బాబాయ్!" అని ఆసుపత్రి వరండాలోనే అరిచాను. పెద్దవాళ్ళ మీద నేను గొంతెత్తడం అదే మొదలు. ఇప్పటికీ బాధ లేదు.

రెండో వారం సగంలో ఉండగా ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆ చోటుకి వేరే ఆవిడనెవరినో తీసుకున్నారట. మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో వాళ్ళకే తెలియదట.

తిరుగు రైలు దగ్గరికి బాబాయి చ్యవన్‌ప్రాశ్ డబ్బాతో వచ్చాడు. ఇమ్యూనిటీకి మంచిదట. రైలు కదిలాక నేను చూసిన ఢిల్లీ గురించి ఆలోచించాను: ప్రతివాడి చేతిలో ఒక మందు, ఆ మందు ఏమిటో ఒక్కడికీ తెలియదు. మథుర దాటేదాకా అక్క కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నాకు ఏడుపు ఆగడం లేదు.

"ఏమిటక్కా ఆలోచిస్తున్నావు?" అన్నాను.

"ఆ చోటు దొరికిన ఆవిడ గురించే. పాపం, ఢిల్లీలో ఆవిడకు చుట్టాలెవరూ లేరనుకుంటా."