పురిటి గదిలో కోడి కణాలు

చదువు ముగిసిన కొత్తలో లోకంలో మనకి తెలియనిదేమీ లేదనిపించే రోజులు కొన్ని ఉంటాయి. నాకవి తిరువూరులో, మామిడి తోటల పక్కన మా సారు కట్టిన చిన్న ల్యాబులో గడిచాయి. టీకాలు పరీక్షించే కంపెనీకి కోడి కణాలు పెంచి ఇవ్వడం మా పని. వాటిని వెచ్చగా ఉంచే ఇంక్యుబేటరులో పెడితే కణాలకంటే ముందు బూజు పెరిగేది! స్పిరిటుతో తుడిచాను, అరలు ఊడదీసి ఉడకబెట్టాను, అయినా మళ్లీ వచ్చేది. (మా ఊరు పెనుగొలనులో మా అమ్మ చర్చిలో ప్రార్థన పెట్టించింది. దేనికమ్మా అని పాస్టరుగారు అడిగితే "పెట్టెలో బూజుకండి" అందట.) ఈసారీ పాడైతే కంపెనీ మమ్మల్ని వదిలేస్తుంది, నేను నాన్న మాట విని బి.ఇడి.లో చేరాలి. పాఠాలు చెప్పే ఓపిక నాకు బొత్తిగా లేదు.

అసలు కారణం మా సారే. బంగారంలాంటి మనిషి, అదే వచ్చిన చిక్కు. తోట నుంచి వచ్చిన రైతులకైనా, శుభలేఖలిచ్చే చుట్టాలకైనా మజ్జిగ ఇచ్చి, కొత్త మిషను చూద్దురుగాని రండంటూ ఇంక్యుబేటరు తలుపు బార్లా తీసేవారు. వాళ్లు తలమీద గడ్డితో సహా లోపలికి వంగి, చెయ్యి పెట్టి, భలే వెచ్చగా ఉందండీ అని మెచ్చుకునేవారు. వద్దంటే, ఇంటికొచ్చినవాళ్లు ఏమనుకుంటారమ్మా అని సారు నొచ్చుకునేవారు. తలుపు తీయరాదని నోటీసు అంటించాను. వచ్చినవాళ్లకి ఆ నోటీసు కూడా చూపించారు.

ఏడుపొక్కటే తక్కువై, సారు వాళ్లమ్మగారి దగ్గర మొర పెట్టుకున్నాను. లోపలున్నవి పసికందుల్లాంటివి మామ్మగారూ, బయటి గాలి తగిలితే దక్కవు అన్నాను.

"అయితే పురుడన్నమాట. ముందే చెప్పొద్దుటే?" అన్నారావిడ.

మర్నాడు ల్యాబు గుమ్మానికి వేపమండ, దాని పక్కన ప్లాస్టిక్ కుర్చీ, కుర్చీలో మామ్మగారు! వచ్చినవాళ్లందరికీ మజ్జిగ అరుగు మీదే. సారు తన వియ్యంకుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే, "ఒరేయ్, పురిటి గదిలో మగాళ్లకేం పనిరా?" అన్నారు. సారు వియ్యంకుణ్ణి అరుగు మీదికి మళ్లించారు. నన్ను కూడా రోజూ "స్నానం చేసొచ్చావా?" అని అడిగిగానీ లోపలికి వదిలేవారు కాదు. ఆ బ్యాచీ మచ్చ లేకుండా ఎదిగింది. కంపెనీవాళ్లు పట్టుకెళ్లిన రోజు నేను వరండాలో గంతులేశాను.

అంతకుముందే మామ్మగారు పట్టుచీర కట్టుకుని పిల్లల్ని చూడ్డానికి వచ్చారు. మైక్రోస్కోపులోకి చాలాసేపు చూసి, "అందరూ ఒకేలా ఉన్నారు, పేర్లెలా పెడతావే?" అని బెంగపడ్డారు.

ఇప్పుడు నేను పనిచేసే పెద్ద ల్యాబులో కార్డు పెడితేగానీ తలుపు తెరుచుకోదు. అయినా మొన్న బూజు వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాళ్లంతా ఫిల్టర్ల గురించి వాదించుకుంటుంటే నా చూపు గుమ్మం పక్కకే పోయింది. అక్కడ కుర్చీ లేదు, మామ్మగారూ లేరు. అంతలో ఎవరో అతిథుల్ని వెంటబెట్టుకుని మా డైరెక్టరుగారు వచ్చారు. నేను అడ్డంగా నిలబడి, నాకు తెలియకుండానే, "స్నానం చేసొచ్చారా?" అని అడిగేశాను.