కవ్వం వదిన చిలికిన రేణువులు

సముద్రాన్ని చిలకమన్నా ఒంటిచేత్తో చిలికేసి, వెన్నేదని అడిగే రకం ఆవిడ. కోతలనుకునేరు, చూసినవాళ్లున్నారు. రంగుల కర్మాగారంలో గంగాళాలు కలిపి కలిపి ఇనుపకడ్డీల్లా అయిన చేతులతో ఈ పరీక్షగదికి వచ్చింది. అదే గదిలో పనిచేసే సొంత మరిది కవ్వం అని పేరు పెడితే, ఊరంతటికీ కవ్వం వదిన అయిపోయింది.

మెదడులోనో వెన్నులోనో పిచ్చిగా అల్లుకుపోయిన రక్తనాళాలను మూసేయడానికి డాక్టర్లు సన్నటి గొట్టంలోంచి ఇసుకలాంటి రేణువులు పంపుతారు. ఆ రేణువుల సీసాల పెట్టె వచ్చిన ప్రతిసారీ ఒక సీసాను ఇక్కడ, రక్తనాళాల నమూనాగా చేసిన గాజునాళాల్లోకి పంపి, పక్కనున్న మంచినాళాల్లోకి ఏమీ జారడంలేదని చూడాలి. ముందుగా రేణువులు ఉండకట్టకుండా రెండు సిరంజీలను మూతిమూతి కలిపి, దీన్లోంచి దాన్లోకి, దాన్లోంచి దీన్లోకి నెట్టాలి. వదిన నెడుతుంటే పక్కగది గుమస్తాలు కుర్చీలు గట్టిగా పట్టుకునేవారట!

పాతరేణువులు గట్టిపిండాలు, ఆ దెబ్బలకు ఓర్చుకున్నాయి. ఈమధ్య వచ్చిన కొత్తరకం మెత్తనిది. దాన్ని కలపడం నేర్చుకుందామని నిన్న ఆసుపత్రి నర్సులు వస్తే, "బలం పెట్టండమ్మా, బుజ్జగిస్తే కలుస్తాయా?" అని తన విద్యంతా ధారపోసింది. ఈ ఉదయం వాళ్లు ఒక బస్సు డ్రైవరు వెన్నులోకి ఆ రేణువులే ఎక్కించబోతున్నారు.

మరిది సూక్ష్మదర్శిని నుంచి తలెత్తాడు. మొహంలో నవ్వు లేదు.

"వదినా, నువ్వు కలిపినవి పంపితే, వెన్నుపాముకు పోయే మంచినాళం కింద పిండి పడింది."

"పిండేంటి మరిదీ, ఇదేమన్నా పిండిమరా?"

"నువ్వే చూడు."

చూసింది. రేణువులు కావు, వాటి తునకలు.

"జల్లెడ పట్టినవాళ్ల తప్పు."

"అదే సీసాలోవి నేను మెల్లగా కలిపి పంపాను. ఇదిగో, ఆ నాళం కింద అద్దంలా ఉంది."

ఆ పొడి మంచినాళంలోకి పోతే డ్రైవరు కాళ్లు ఇక కదలవు. వదిన గబగబా ఫోను అందుకుంది.

"సిస్టర్, ఆపండి! నేను, నిన్న నేర్పినదాన్ని. గట్టిగా నెట్టకూడదు, రేణువులు విరుగుతున్నాయి!"

"అయ్యో ఆంటీ, మీరు చెప్పినదానికంటే గట్టిగానే కలిపాం. సిరంజీ డాక్టరుగారి చేతిలో ఉంది."

"చేతిలోనా, ఒంట్లోనా?"

అవతల ఏదో పళ్లెం దభీమని పడింది. ఆపైన డాక్టరు గొంతు: "ఎక్కించలేదమ్మా. పారేశాను. కొత్త సీసా తీస్తున్నాం. ఎలా కలపాలో చెప్పండి."

మెల్లగా కలపడం వదినకు చేతనైతే కదా! ఫోను మరిది చేతిలో పెట్టి పక్కనే నిలబడింది. అతని మాట ఏనాడూ సగం దాటనివ్వని మనిషి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చివరిదాకా వింది.