ఒక్క పగటిలో దాటిన కొండ

మా తాతగారు అరకు వెనక కొండల్ని ఒక్క పగటిలో దాటారని మా ఇంట్లో చెప్పుకునేవారు. భూములు పోయాయి, ఇల్లు పోయింది. చెప్పుకోవడానికి మాకు మిగిలింది అదొక్కటే. అదే దారిలో, అంతే సమయంలో నేనూ దాటాలనుకున్నాను. ఏ వేళకు ఎక్కడుండాలో కాగితం మీద రాసుకుంటూ, కొట్టేస్తూ, మళ్లీ రాసుకుంటూ వారం రోజులు ఒక చోట కుదురుగా కూర్చోలేకపోయాను.

కొండ కింది ఊళ్లో దారి చూపడానికి ఒప్పుకున్న రైతు, వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తూ నేను ఆ కాగితం చూసి చదివిందంతా విన్నాడు.

"మీ తాత నడిసినాడని ఎవులు సెప్పారు బాబూ? డోలీలో కూకున్నాడు. మోసింది మా తాత, ఇంకో ముగ్గురు."

నాకు ఒళ్లు మండింది. "మనిషిని మోస్తూ ఒక్క రోజులో ఎలా దాటుతారు?" అన్నాను.

"బరువు బేగి దించెయ్యాలని."

గుమ్మంలో నిలబడ్డ అతని భార్య పకపకా నవ్వింది. మోసినవాళ్ల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఎత్తలేదు. నేనూ అడగలేదు.

"మీ నడకకి పై ఊళ్లో రాత్రి ఆగాల," అన్నాడతను.

"ఆగను. తెల్లారకముందే బయల్దేరదాం."

"ఏటి తొందర బాబూ! సరే, బేగినే లేద్దాం. మోయడానికి మాత్రం నేనొక్కడినే ఉన్నాను."

అక్కడే చాప మీద సంచి విప్పి, రెండో జత బట్టలూ మందపాటి దుప్పటీ తీసి బయట పెట్టేశాను.